లండన్ చలిలో పాపతో

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఐదు నెలల కింద రెండేళ్ల పాపను దత్తత తెచ్చుకున్నం. డిసెంబరు చివర్ల లండన్‌లో మా ఆడబిడ్డ ఇంటికి పోతున్నం. ఆ చలిల పాపను బయట తిప్పొచ్చా?

జవాబు: తిప్పొచ్చు. రోజుకు ఒక్క చోటే. అక్కడ ఆ రోజుల్లో నాలుగింటికే పొద్దుగూకుతుంది. గడియారం మనకన్నా ఐదున్నర గంటలు వెనక కాబట్టి మొదటి మూడు నాలుగు రోజులు పాప అర్ధరాత్రే లేచి కూర్చుంటుంది. పదింటికి బయల్దేరి ఒంటిగంటకల్లా ఇల్లు చేరండి.

ఒంటికి పలచని బనియన్, పైన ఉన్ని స్వెట్టర్, ఆపైన గాలీ వానా చొరని కోటు. చేతులు చల్లగా ఉన్నాయని కంగారొద్దు, మెడ వెనక తాకి చూడండి. చెమట పడితే ఒక పొర తీసేయండి. కారు సీటులో మందపాటి కోటు మీద బెల్టు పెట్టొద్దు. కుదుపుకు కోటు అణిగి బెల్టు వదులైపోతుంది. కోటు విప్పి, బెల్టు బిగించి, ఆ కోటునే పైన కప్పండి.

నేచురల్ హిస్టరీ మ్యూజియం ఉచితం, లోపల వెచ్చగా ఉంటుంది. డిసెంబరు 24 నుంచి 26 దాకా మూత. 25న బస్సులు, మెట్రో కూడా ఉండవు.

చలికన్నా చుట్టాలతోనే జాగ్రత్త! ఐదు నెలలంటే పాప ఇంకా మిమ్మల్ని గుర్తుపడుతున్న దశ. తినిపించడం, స్నానం, నిద్రపుచ్చడం మీ ఇద్దరి చేతుల మీదుగానే జరగాలి. ఒకరి చేతిలోంచి ఒకరు ఎత్తుకోవద్దని ఆడబిడ్డకు ఇప్పుడే ఫోన్‌లో చెప్పండి. పాప రోజూ కప్పుకునే దుప్పటి ఉతక్కుండా తీసుకెళ్లండి, ఆ వాసనే ధైర్యం.

కలెక్టర్ ఇచ్చిన దత్తత ఉత్తర్వు నకళ్లు రెండు, చేతి సంచిలోనే.