వార్లాక్‌లో యుద్ధమూ లేదు, తాళమూ లేదు

సందేహం: పిల్లల కోసం ఒక ఇంగ్లీషు ఫాంటసీ నవలను తెలుగు చేస్తున్నాను. అందులో విచ్, విజర్డ్, వార్లాక్ ముగ్గురూ ఉన్నారు. మొదటి ఇద్దరికీ మంత్రగత్తె, మాంత్రికుడు అని రాసేశాను. వార్లాక్ దగ్గర ఆగిపోయాను. మా అబ్బాయేమో ‘వార్ అంటే యుద్ధం, లాక్ అంటే తాళం, యుద్ధంలో శత్రువుల్ని కట్టిపడేసేవాడు అయ్యుంటాడు’ అంటున్నాడు. నిజమేనా? తెలుగులో ఏమనాలి? వార్లాక్ అని రాయాలా, వార్‌లాక్ అనా?
– ఒక అనువాదకురాలు

సమాధానం: మీ అబ్బాయి ఊహ ముచ్చటగా ఉందమ్మా, కానీ నిలవదు. ఈ మాటలో యుద్ధమూ లేదు, తాళమూ లేదు. ఆ మాటకొస్తే మొదట్లో మంత్రమూ లేదు.

పాత ఇంగ్లీషులో దీని రూపం ‘వేర్‌లొగ’. మొదటి అచ్చును ‘వేరుశనగ’లో లాగా కాకుండా, ‘మేక’ అన్నప్పుడు మన నోట్లో పలికే ‘మే’లాగా కాస్త నోరు తెరిచి పలకాలి. ‘వేర్’ అంటే ఒప్పందం, ఇచ్చిన మాట, నమ్మకం. ‘లొగ’ అంటే అబద్ధమాడేవాడు. ఇంగ్లీషులో అబద్ధాన్ని ‘లై’ అంటారే, దాని చుట్టమే ఇది. రెండూ కలిపితే ‘మాట తప్పినవాడు’. తెలుగులో దీనికి అచ్చంగా సరిపోయే మాట ఉంది: ఆడితప్పినవాడు. ఇంకా దగ్గరగా కావాలంటే ‘బాస తప్పినవాడు’ అనండి. భాష అనే సంస్కృత పదం తెలుగులో ‘బాస’ అయ్యి, ‘బాస చేశాడు’ అన్నచోట ప్రమాణం అయి కూర్చుంది. ‘వేర్’ అంటే సరిగ్గా ఆ బాసే.

లాటిన్‌లో ‘నిజమైన’ అనే అర్థమున్న ‘వేరుస్’ ఈ ‘వేర్’కు దాయాది. పాస్‌పోర్టు కోసం పోలీసు వెరిఫికేషన్ అని టెన్షన్ పడతామే, ఆ వెరిఫికేషన్‌లో ఉన్నది ఈ ‘వేరుస్’. అంటే వార్లాక్ అనే ఒక్క మాటలోనే ముందు సగంలో నిజమూ వెనక సగంలో అబద్ధమూ కాపురం ఉంటున్నాయన్నమాట.

‘లొగ’ ఒంటరిది కాదు. పాత ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్‌లో ముసలి రాజు డ్రాగన్‌తో పోరాడుతుంటే, ఆయన ఉప్పు తిన్న పదిమంది అనుచరులు ప్రాణభయంతో అడవిలోకి పారిపోతారు. కవి వాళ్లను ‘ట్రేవ్‌లొగన్’ అన్నాడు, అంటే నమ్మకం వమ్ము చేసినవాళ్లు. తిట్టు వరస ‘వేర్‌లొగ’దే. రాజు దగ్గర బహుమతులు పుచ్చుకుని, కష్టంలో తోడుంటామని మాటిచ్చి తప్పడం ఆ సమాజంలో అన్నిటికన్నా పెద్ద నేరం. అందుకే ‘వేర్‌లొగ’ అంత బరువైన తిట్టు. అది ద్రోహికి వాడారు, నీచుడికి వాడారు, కావ్యాల్లో నరమాంస భక్షకులకు వాడారు. క్రైస్తవం వచ్చాక అన్నిటికీ మించిన ద్రోహి, దేవుడికే ఎదురు తిరిగినవాడు, సాతాను. వెయ్యేళ్ల కిందటే ఈ మాట సాతానుకు అంటుకుంది. 1300 ప్రాంతానికి సాతానుతో చేతులు కలిపిన మనిషికి దిగింది.

ఇక్కడి నుంచి కథ స్కాట్లండ్‌ది. 16వ శతాబ్దంలో ‘మగ మంత్రగాడు’ అనే అర్థం స్థిరపడింది అక్కడే. చివర ‘క్’ చేరిందీ అక్కడి నాలుకల మీదే. స్కాట్లండ్‌లో 1563లో క్షుద్రవిద్యల మీద చట్టం వచ్చింది, 1736 దాకా అమల్లో ఉంది. ఆ కాలంలో నిందపడినవాళ్లు సుమారు 3,800 మంది అని పరిశోధకుల లెక్క. వాళ్లలో ఐదింట నాలుగు వంతులకు పైగా ఆడవాళ్లే.

మాట తప్పడానికీ మంత్రాలకూ ఏం సంబంధం అంటారా? 1662లో ఆల్డర్న్ అనే ఊళ్లో ఇసొబెల్ గౌడీ అనే ఆవిడ ఇచ్చిన వాంగ్మూలం చూడండి. చర్చిలో తన బాప్తిస్మాన్ని వదులుకున్నానని, ఒక చేయి నడినెత్తిన, ఇంకో చేయి అరికాలి కింద పెట్టి, ఈ రెండు చేతుల మధ్య ఉన్నదంతా సాతానుదేనని ఒప్పుకున్నానని చెప్పింది. ఆవిడ ఆడమనిషి, వార్లాక్ అనరు. కానీ ఆ కాలపు నమ్మకం ఈ ఒక్క భంగిమలో మొత్తం కనిపిస్తుంది. బాప్తిస్మమంటే దేవుడికిచ్చిన మాట. దాన్ని తప్పితేనే సాతానుతో కొత్త ఒప్పందం. వాళ్ల లెక్కలో మంత్రగాడు ముందు మాట తప్పినవాడు, ఆ తర్వాతే మంత్రగాడు.

స్కాండినేవియా వాళ్ల పాత భాష నార్స్‌లోని ‘వర్డ్‌లొక్కుర్’ అనే మాట నుంచి ఇది వచ్చిందని ఒక వాదం మీకు ఎదురుకావచ్చు. గ్రీన్‌లాండ్‌లో ఒక సోదె చెప్పే ఆవిడ ఆత్మలను పిలవడానికి పాడించిన పాటకు ఆ పేరు. వినడానికి బాగుంటుంది, మంత్రానికీ దగ్గరగా ఉంటుంది. కానీ ఆ మాట దొరికేదే అరుదు. పైగా మన మాటకు ‘క్’ చేరింది చాలా ఆలస్యంగా. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఈ వాదాన్ని పక్కన పెట్టింది. నాకూ అదే సబబనిపిస్తుంది.

19వ శతాబ్దంలో వాల్టర్ స్కాట్ నవలల పుణ్యమా అని ఈ స్కాటిష్ మాట ఇంగ్లీషు లోకమంతా తిరిగింది. తర్వాత టీవీ సీరియళ్లు దాన్ని ‘విచ్‌కు మగరూపం’ చేసి సాదాసీదాగా మార్చేశాయి. ఇప్పుడు తమను విచ్ అని గర్వంగా చెప్పుకునే విక్కా అనే ఆధునిక మతం వాళ్లలో చాలామంది, మగవాళ్లతో సహా, వార్లాక్ అంటే ఒప్పుకోరు. ‘ద్రోహి’ అనే పాత వాసన వాళ్లకింకా తగులుతుంది. మీ అబ్బాయి ఆడే ఆటల సంగతి ఇంకా విచిత్రం. తలో పాత్ర వేసుకుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటలో 2004 నుంచీ ఉన్న వార్లాక్ ఏదో ఒక మహాశక్తితో ఒప్పందం చేసుకుని, ఆ ఒప్పందం మీదే బతుకుతాడు. ఒప్పందం తప్పినవాడి పేరు ఒప్పందమే ఆస్తిగా ఉన్నవాడికి దక్కింది!

తెలుగులో నడక దీనికి తలకిందులు. ఇంగ్లీషు మాట మోసంలో పుట్టి మంత్రంలోకి వెళ్లింది. మన మాటలు మంత్రంలో పుట్టి మోసంలోకి వస్తాయి. ‘గారడీ చేశాడు’, ‘కనికట్టు చేశాడు’, ‘మాయ చేశాడు’ అంటే ఇప్పుడు ఎవరూ ఇంద్రజాలం అనుకోరు, ఎంత పోయిందని అడుగుతారు. ‘మాయలమారి’ని చూడండి. మోసమూ మంత్రమూ విడదీయలేనంతగా కలిసిపోయాయి అందులో. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు భిక్షకని వచ్చి, ఆమెను కుక్కగా మార్చి పట్టుకుపోతాడు. ముందు మోసం, వెంటనే మంత్రం. పాత వార్లాక్‌కు మన దగ్గర సరైన జోడీ ఎవరంటే నేను ఫకీరునే చూపిస్తాను.

ఇక మీ అనువాదం. మాంత్రికుడు, మంత్రగాడు ఒకటి కాదు. మాంత్రికుడికి కాస్త దర్జా ఉంది. పాతాళభైరవిలో ఎస్వీ రంగారావు వేసింది నేపాళ మాంత్రికుడు, నేపాళ మంత్రగాడు అంటే ఆ గడ్డానికి నప్పదు. (మంత్రిగారు, మాంత్రికుడు ఒకే ‘మంత్రం’ పిల్లలని క్లాసులో చెబితే ఇప్పటికీ నవ్వుతారు.) మంత్రగాడు ఊళ్లో మనిషి. ‘గాడు’లో తక్కువతనం లేదు, పాటగాడు, ఆటగాడు లేరూ? కానీ ‘మంత్రగాడు’ అని ఒకరి మీద వేలు చూపిస్తే అది నింద. ‘మంత్రాల నెపంతో హత్య’ అనే వార్త మన పేపర్లలో ఇంకా వస్తూనే ఉంది. స్కాట్లండ్ కోర్టులో వార్లాక్‌కు ఉన్న బరువు అదే. అలాంటి కథయితే మంత్రగాడనే రాయండి.

మీది పిల్లల నవల, పక్కనే విజర్డ్ కూడా ఉన్నాడు కాబట్టి, విజర్డ్‌ను మాంత్రికుడిగానే ఉంచి, వార్లాక్‌ను మాయలమారి చేయండి. ఒకవేళ మీ కథలో అతను మంచివాడైతే ఈ మాట అతనికి అన్యాయం చేస్తుంది. అప్పుడు వార్లాక్ అనే ఉంచేయండి, పిల్లలకు ఆటల వల్ల తెలిసిన మాటే. రాసేటప్పుడు మాత్రం కలిపే రాయండి. వార్‌లాక్ అని విడగొట్టారంటే మీ అబ్బాయి మళ్లీ తాళం వెతకడం మొదలుపెడతాడు.