పాత తెప్ప కొనే ముందు వెనక పలక చూడు

ఒరే నాయినా,

పాత ఫైబర్ తెప్ప బేరం చేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. కళింగపట్నంలో నీకూ సొంత తెప్ప ఉంటుందంటే గుండె నిండిపోయింది. వెంటనే వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర విరిగే కెరటాలు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

కాగితాలు చూడందే బయానా ఇవ్వకు. రిజిస్ట్రేషన్ పుస్తకంలో నంబరూ, తెప్ప మీద నంబరూ ఒకటే ఉండాలి. అది నీ పేరుకి మారకపోతే డీజిల్ రాయితీకీ, వేట నిషేధం సాయానికీ తిరుగుతూనే ఉంటావు. ఆ నిషేధం రోజుల్లో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తెప్పలు ఒడ్డునే ఉంటాయి, అడుగు చూడ్డానికి అదే అదను. కొత్త రంగు మెరుస్తుంటే మాత్రం అనుమానించు.

ఇక ఇంజను బిగించే వెనక పలక. అందరూ ఇంజను ఎన్ని హార్స్‌పవరో అడుగుతారు, దీన్ని వదిలేస్తారు. పైకి ఫైబరే గానీ చాలా తెప్పల్లో లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు బెజ్జాలకి సీలెంటు సరిగ్గా పట్టించకపోతే నీరు అందులోకి దిగుతుంది. ఏళ్లు గడిచేసరికి చెక్క పిప్పయిపోతుంది, పైన పెంకు మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. మొగ దాటేటప్పుడు కెరటం ఎత్తి కుదేస్తే ఇంజను పలకతో సహా ఊడొచ్చేస్తుంది. వెనక నుంచి నీళ్లు లోపలికొస్తాయి. నా భయమంతా అదేరా.

రూపాయి బిళ్లతో పలకంతా తట్టు. గట్టి చోట టకటకమంటుంది, కుళ్లిన చోట మొద్దుగా పలుకుతుంది. ఇంజను కాలు పట్టుకుని పైకీ కిందికీ ఊపు. పలక వంగినా, మూలల్లో సన్నని పగుళ్లు తెరుచుకున్నా వద్దు. అమ్మేవాణ్ణి అడిగి కింది బోల్టు ఒకటి విప్పించు. నల్లటి నీరు గానీ, తడి చెక్కపొట్టు గానీ వస్తే అతనెంత తగ్గించినా లేచి వచ్చేయ్. బాగుచెయ్యాలంటే లోపలి ఫైబరు కోసి, కుళ్లిన చెక్కంతా తోడి, బాగా ఆరబెట్టి, కొత్త మెరైన్ ప్లై పెట్టి, ఫైబరు మ్యాటూ, దాన్ని అతికించే రెసినూ పొరలుపొరలుగా వెయ్యాలి. తడి మీద రెసిన్ పట్టదు. తొందరపడి రెసిన్ గట్టిపడే హార్డెనర్ మందు ఎక్కువ కలిపితే వేడెక్కి పగులుతుంది. తక్కువకి కొన్నదంతా అక్కడే పోతుంది.

పలక నచ్చితే తెప్పని నీళ్లలో అరగంట ఉంచి లోపల తడి చూడు. తెప్పని తేల్చే ఫోము ఉండే గాలిపెట్టెల మూతలు విప్పించి చెయ్యి పెట్టి చూడు. ఫోము నీరు పీల్చుంటే తెప్ప బరువెక్కి ములుగుతుంది.

చేతిలో ఉన్నదంతా బేరానికే పెట్టకు. పదిలో రెండు వంతులు రిపేర్లకీ, లైఫ్ జాకెట్లకీ ఉంచు. ఎంతమంది ఎక్కితే అన్ని జాకెట్లు, ఒక్కటీ తగ్గకూడదు. డబ్బు చాలకపోతే నాకు చెప్పు, అవి నేను కొంటాను.

మీ పెదనాన్న