కథ ఫోన్‌లో చెప్పాను, సిరీస్ వచ్చేస్తోంది: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: కువైట్‌లో 14 ఏళ్లు డ్రైవర్‌గా పనిచేసి వచ్చి రాజమహేంద్రవరంలో ఉంటున్నాను. ఒక నవల రాశాను. 1975లో వియన్నా, చమురు మంత్రుల సమావేశం, ఒక మంత్రిని చంపడానికి వెళ్లి ఇద్దరు యజమానుల మధ్య నలిగిపోయే హంతకుడు, ఇదీ కథ. వెబ్ సిరీస్‌లకు రాసే స్నేహితుడికి మొదటి నాలుగు అధ్యాయాలు మెయిల్ చేశాను, మిగతాది ఫోన్‌లో చెప్పాను. ఇప్పుడు అదే కథతో సిరీస్ వచ్చే నెల విడుదలవుతోంది. ఐదు నెలల కిందట టీజర్ చూసినప్పటి నుంచి నిద్ర లేదు. సొంత తమ్ముడిలా చూసుకున్నాను. పాత తేదీ స్టాంపు పేపరు మీద ఒప్పందం రాసుకుంటే కేసు గట్టిపడుతుందని ఒకరన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆయన్ని మీరు తమ్ముడిలా చూసుకున్నారా లేదా అన్నది కోర్టు అడగదండీ. మీ ఉత్తరంలో (పైన వేసింది దాని సారాంశమే) మూడు పేజీలు ఆ బాధే ఉంది, కేసుకు పనికొచ్చే మాట మాత్రం చివరి రెండు లైన్లలో ఉంది. దాని దగ్గరికి వస్తాను.

ముందు మీది కానిదేదో తేల్చుకోండి. 1975 డిసెంబరు 21న వియన్నాలో చమురు ఎగుమతి దేశాల సంస్థ ఒపెక్ ఆఫీసు మీద కార్లోస్ అనే ఉగ్రవాది ముఠా దాడి చేసింది, ముగ్గురు చనిపోయారు, మంత్రులను బందీలుగా పట్టుకుని విమానంలో అల్జీర్స్ తీసుకెళ్లారు. సౌదీ మంత్రి యమానీని, ఇరాన్ మంత్రి అముజెగార్‌ని చంపాలన్నది పథకం, చివరికి ఇద్దరినీ ప్రాణాలతో వదిలేశారు. చంపాల్సినవాడు చంపకుండా వదిలేయడం, పంపినవాళ్లకూ తనకూ మధ్య తేడా రావడం చరిత్రలోనే ఉంది కాబట్టి దాని మీద ఎవరైనా కథ రాయొచ్చు. ‘చమురు, దౌత్యం, రెండు వైపులా కట్టుబడిన హంతకుడు’ అని మీరు పిటిషన్‌లో రాస్తే అవతలి లాయరు చరిత్ర పుస్తకం తీసి చూపిస్తాడు, అక్కడితో ఆ వాదన అయిపోతుంది.

1978లో ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఆయన తన నాటకాన్ని నిర్మాతకు స్వయంగా చదివి వినిపించాడు, తర్వాత ఆ నిర్మాత తీసిన సినిమా తన నాటకమేనని కేసు వేశాడు, అయినా ఓడిపోయాడు, ఎందుకంటే మూల ఆలోచన ఒకటే అయినా నాటకానికీ సినిమాకూ చూపించిన తీరు వేరని కోర్టు తేల్చింది. అంటే మీరు రెండూ నిరూపించాలి: కథ వాళ్లకు చేరిందని, మీరు రాసిన తీరునే వాళ్లు ఎత్తుకున్నారని.

మీరు రాసిన తీరు ఎక్కడుందంటే పదకొండో అధ్యాయంలో ఉంది. హంతకుడు తుపాకీలోంచి గుళ్లు తీసేసి, 33 పూసల తస్బీలో (ముస్లింల జపమాలలో) ఒక పూస తెంపి మంత్రి కోటు జేబులో వేసి వెళ్లిపోతాడు, ఆ పూసతోనే తర్వాత దొరికిపోతాడు. ఇది చరిత్రలో లేదు, మీ బుర్రలోంచి పుట్టింది, ట్రైలర్‌లో అచ్చంగా అదే ఉందంటున్నారు. కానీ మెయిల్‌లో వెళ్లినవి నాలుగు అధ్యాయాలే. పదకొండోది ఫోన్‌లో చెప్పారు. కాల్ రికార్డు తెప్పించినా కాల్ జరిగిందని తెలుస్తుంది తప్ప ఏం మాట్లాడుకున్నారో తెలియదు.

ఇక మీ చివరి రెండు లైన్లు. ‘మర్నాడు వాయిస్ మెసేజ్ పెట్టాడు, అన్నా ఆ పూస సీన్‌కి రాత్రంతా నిద్ర పట్టలేదు అని. ఆ పాత ఫోన్ ఇప్పుడు మా అమ్మాయి వాడుతోంది.’ మీ కేసు మొత్తం ఆ ఫోన్‌లో ఉందండీ! పదకొండో అధ్యాయం ఆయనకు చేరిందని ఆయన గొంతుతోనే ఉన్న రుజువు అది. ఇంత విలువైనదాన్ని పిల్ల చేతిలో పెట్టి మీరు ఐదు నెలలు బాధపడుతూ కూర్చున్నారు. ఈరోజే ఆ ఫోన్ తీసుకోండి. ఫార్మాట్ చేయొద్దు, వాట్సాప్ తీసేసి మళ్లీ వేయొద్దు, ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వొద్దు. ఆ మెసేజ్ కోర్టులో సాక్ష్యంగా చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో మీరు ఒక భాగం, నిపుణుడు ఇంకో భాగం సంతకం చేయాలి, ఫైల్ హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని తేల్చే వేలిముద్ర లాంటి కోడ్, రాయాలి. మెసేజ్‌ను ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి ఆ కాపీ తెస్తే సరిపోదు.

చేత్తో రాసిన నోటు పుస్తకాలు, అను ఫాంట్లలో టైపు చేసిన డీటీపీ వాళ్ల దగ్గరున్న పేజ్‌మేకర్ ఫైలు, వాళ్లిచ్చిన బిల్లు కూడా జాగ్రత్త చేయండి. టైపు చేసినాయన మీకు సాక్షి. కాపీరైట్ రిజిస్టర్ చేయలేదని కంగారు పడకండి, రాసిన రోజే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయితే 500 రూపాయల ఫీజుతో అయ్యే పనిని ఎవరికీ కథ చెప్పకముందే చేసి ఉంటే ఇప్పుడు ఇంత టెన్షన్ ఉండేది కాదు.

స్టాంపు పేపరు సంగతి. వద్దు. ఆ సలహా ఇచ్చినాయన దగ్గరికి మళ్లీ వెళ్లకండి. స్టాంపు వెండరు రిజిస్టరులో నంబరు, తేదీ, కొన్నవాళ్ల పేరు ఉంటాయి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో పది నిమిషాల్లో బయటపడుతుంది. కోర్టు కోసం దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల దాకా జైలు, ఫోర్జరీ కేసు అదనం. అంతకన్నా ఘోరం, నిజమైన ఆ వాయిస్ మెసేజ్‌ని కూడా జడ్జి నమ్మరు. అలాగే ఫేస్‌బుక్‌లో దొంగ అని పేరు పెట్టి రాయకండి, పరువునష్టం కేసులో మీరే ముద్దాయి అవుతారు.

గడువు గురించి మీకు తప్పుడు ధీమా ఉన్నట్టుంది. నష్టపరిహారానికి ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లు ఉన్న మాట నిజమే. విడుదల ఆపమని ఇంజంక్షన్ అడగడం వేరు, టీజర్ చూసి ఐదు నెలలు ఊరుకుని విడుదల ముందు రోజు వస్తే ఇన్నాళ్లు ఏం చేశారనే అడుగుతారు. అందుకే ఈ వారంలోనే స్నేహితుడికి, నిర్మాణ సంస్థకు, ప్రసారం చేసే సంస్థకు లాయరు నోటీసు పంపించండి. మీ పేజీ నంబరు ఒక వైపు, ట్రైలర్‌లో నిమిషం, సెకను ఇంకో వైపు పెట్టి పట్టిక రాయండి, ట్రైలర్‌ను తేదీతో సహా సేవ్ చేయండి.

దావాలో కాపీరైట్‌తో పాటు నమ్మకద్రోహం, అంటే నమ్మి చెప్పిన రహస్యాన్ని వాడుకున్నారన్న వాదన కూడా పెట్టించండి. 2003లో జీ టెలిఫిల్మ్స్, సన్‌డయల్ కేసులో బొంబాయి హైకోర్టు ఆ దారి ఒప్పుకుంది. మీరు నివసించే చోటే వేసుకునే వీలు కాపీరైట్ చట్టం సెక్షన్ 62లో ఉంది, హైదరాబాద్ పరుగెత్తక్కర్లేదు. విలువ మూడు లక్షలు, ఆపైన అయితే కమర్షియల్ కోర్టుకు వెళ్లాలి, అక్కడ అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందు మధ్యవర్తిత్వానికి పంపిస్తారు, కాబట్టి ఇంజంక్షన్ పిటిషన్ దావాతో పాటే ఉండాలి. విడుదల ఆగుతుందని నేను మాట ఇవ్వను, టైటిల్స్‌లో పేరు, పారితోషికం, లేదా వాళ్లు కోర్టులో డబ్బు డిపాజిట్ చేయాలని అడగడం మీ పరిస్థితిలో అందుకోగలిగినవి. నోటీసు వెళ్లాక స్నేహితుడు ఫోన్ చేసి సర్దుకుందామంటే మాట్లాడకండి, రాతపూర్వకంగా పంపమనండి.