అటెస్టేషన్ ఫారంలో పాత కేసు రాయాలా, వద్దా?

కానిస్టేబుల్‌గా సెలెక్టయ్యావు, గెట్టు (పొలం హద్దు) పంచాయితీలో ఇంటిల్లిపాది మీద పెట్టిన కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది, ఉద్యోగంలో చేరే ముందు పోలీసు ఎంక్వైరీ కోసం నింపే అటెస్టేషన్ ఫారంలో అది రాస్తే ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్ అంటున్నావు కదా తమ్మీ. రాయి.

నేను నల్గొండ జిల్లాలో స్పెషల్ బ్రాంచి హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాను. దేవరకొండ వైపు ఊళ్లలో ఈ ఎంక్వైరీలు చాలా చేశాను. నేను చూసినంతలో కేసు ఉండి ఆగినవాళ్లు తక్కువ, దాచి ఆగినవాళ్లే ఎక్కువ.

ఫారంలో శిక్ష పడిందా అని మాత్రమే అడగరు. అరెస్టయ్యావా, బైండోవర్ చేశారా (గొడవలు చెయ్యనని పూచీ రాయించుకున్నారా), జరిమానా కట్టావా, ఇప్పుడేమైనా కేసు నడుస్తోందా, అన్నీ ఉంటాయి. మనవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. సర్పంచ్ ఎలక్షన్లప్పుడు రెండు పార్టీల పోరగాళ్లనూ తహసీల్దార్ ముందు బైండోవర్ చేస్తారు. సంతకం పెట్టి వచ్చినోడు దాన్ని లెక్కలోకే తీసుకోడు. పేకాటలోనో, డ్రంక్ అండ్ డ్రైవ్‌లోనో దొరికి ఫైన్ కట్టినోడు "అది అప్పుడే అయిపోయింది సార్" అంటాడు. కోర్టులో తప్పు ఒప్పుకొని ఫైన్ కడితే అది శిక్ష పడినట్టే.

ఒక ఇంటికి పోతే తండ్రి చాయ్ ఇచ్చి, "మావోడు ఆ రోజు ఊళ్లనే లేడు సార్, హైదరాబాద్‌ల చదువుకుంటుండె" అన్నాడు. నిజమే కావచ్చు, ఫిర్యాదుల్లో ఇంట్లో మగవాళ్లందరి పేర్లూ ఎక్కించడం మామూలే. కానీ ఎఫ్ఐఆర్‌లో ఏ4, అంటే నాలుగో నిందితుడు, ఆ పిల్లగాడే, ఫారంలో చూస్తే అన్నింటికీ "లేదు" అని ఉంది. ఊళ్లో లేడన్నది కోర్టులో చెప్పుకోవాల్సిన మాట. నేను రికార్డులో ఉన్నదే రాసి పంపాను.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. చిన్న వయసులో నినాదాలు చేసిన కేసులాంటివి దాచినా అధికారులు చూసీ చూడనట్టు వదిలేయొచ్చంది. (మన దగ్గర తెలంగాణ ఉద్యమం నాటి రాస్తారోకో కేసులు గుర్తొస్తాయి.) అయితే నిజం రాసినంత మాత్రాన ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, కేసు ఎలాంటిదో చూసి నిర్ణయించే హక్కు వాళ్లదే. అంతకుముందు 2013లో మెహర్ సింగ్ కేసులో, రాజీతో పోయిన కేసును మచ్చలేని విడుదలగా చూడాల్సిన పని లేదనీ చెప్పింది. కాబట్టి రాజీ అయిందన్న ధీమా వద్దు. గెట్టు తగాదాయే, పెద్ద దెబ్బలేం తగల్లేదంటే మరీ అంత భయమూ అక్కర్లేదు.

ఈ-కోర్ట్స్ యాప్‌లో నీ పేరుతో, ఎఫ్ఐఆర్ నంబరుతో వెతుకు. క్రైం నంబరు, సెక్షన్లు, కోర్టు పేరు, రాజీ అయిన తేదీ రాసి, లోక్ అదాలత్ అవార్డు (రాజీ తీర్పు) సర్టిఫైడ్ కాపీ జత చెయ్యి. నీకు తెలియని కేసు ఇంకేదైనా ఉంటే అదీ అప్పుడే బయటపడుతుంది.

అడ్రస్సుల దగ్గర కూడా జాగ్రత్త. గత ఐదేళ్లలో ఏడాదికి మించి ఉన్న చోట్లు అడుగుతారు. పాలమూరు నుంచి పుణె, ముంబై పనులకు పోయిన ఇళ్ల పిల్లలు ఆధార్‌లో ఉన్న ఊరు ఒక్కటే రాసి ఊరుకుంటారు. అక్కడి అడ్రస్సు, ఉన్న కాలం కూడా రాయాలి, ఆ జిల్లా పోలీసులకూ ఎంక్వైరీ పోతుంది. ఫారం ఇచ్చే ముందు ఒక జిరాక్స్ తీసి పెట్టుకో. తర్వాత ఎవరైనా పిలిచి అడిగితే, నువ్వు ఏం రాశావో నీ దగ్గర ఉండాలి.