క్యూలో పట్టని మెసేజ్: ఇంటర్వ్యూలో ఆగిపోయిన ఒక ప్రశ్న, దాని చుట్టూ ఉన్న ఉద్యోగం

ప్రశ్న: మాది కావలి దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె. నాన్నగారు రొయ్యల గుంటలు చేస్తారు. నేను ఒంగోలులో బీటెక్ కంప్యూటర్ సైన్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మా ప్రాజెక్టులో రైతు చెక్ ట్రే (రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే పళ్లెం) ఫొటోను, నీటి పరీక్ష వివరాలను ఫోన్ నుంచి పంపిస్తే, అవి అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో ల్యాంబ్డా (పిలిచినప్పుడే నడిచే చిన్న ఫంక్షన్) ద్వారా ఎస్‌క్యూఎస్ అనే మెసేజ్ క్యూలోకి చేరతాయి. మరో ల్యాంబ్డా వాటిని తీసుకుని పరిశీలిస్తుంది. ఇంటర్వ్యూలో "ఫొటో పెద్దదై మెసేజ్ పరిమితి దాటితే ఏం చేస్తారు?" అని అడిగారు. ఫొటో సైజు తగ్గిస్తామని చెప్పాను. "తగ్గించడానికి వీల్లేదంటే?" అన్నారు. ఏమీ చెప్పలేకపోయాను. ఇంట్లో అమీర్‌పేట పంపించి క్లౌడ్ కోర్సు చేయిస్తామంటున్నారు. నేను కోర్సులో చేరాలా, సర్టిఫికేషన్ పరీక్ష రాయాలా, లేక ఈ ప్రాజెక్టునే సరిచేసుకోవాలా?

జవాబు: ముందు ప్రాజెక్టును సరిచేసుకోండి. పరీక్ష సంగతి తరవాత చూడవచ్చు. కోర్సు అవసరం మీకు ఇప్పట్లో కనబడడం లేదు. ఎందుకంటే మిమ్మల్ని అడిగినది సిలబస్‌లోని ప్రశ్న కాదు. సర్వర్‌ను సొంతంగా నడపనక్కర్లేని సర్వర్‌లెస్ పద్ధతిలో క్యూ వాడే దాదాపు ప్రతి బృందానికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే పని. ఇంటర్వ్యూ చేసినవారు రెండోసారి గుచ్చి అడిగినది మిమ్మల్ని ఇరుకున పెట్టడానికని నేననుకోను. రొయ్య పేగు తెల్లబడిందా లేదా అనేది ఫొటోలో స్పష్టంగా కనబడితేనే మీ అప్లికేషన్‌కు ప్రయోజనం ఉంటుంది. ఫొటోను నలిపేసి పంపితే, క్యూ ఇబ్బంది తీరినా రైతు పని తీరదు. ఆ సంగతి మీకు తోస్తుందా లేదా అని వారు చూసి ఉంటారు.

ఇక అసలు విషయానికి వస్తాను. క్యూ అనేది చిన్న చిన్న మెసేజ్‌లను త్వరగా అందుకుని, ఒకచోట పాడైనా పోకుండా ప్రతులు దాచి, అడిగినవారికి అందించడానికి కట్టిన వ్యవస్థ. అందుకే ప్రతి సంస్థా దానికొక పరిమితి పెట్టింది. ఎస్‌క్యూఎస్‌లో ఒక మెసేజ్ 256 కేబీ దాటకూడదన్న నియమం చాలా ఏళ్లు నడిచింది. 2025 ఆగస్టులో దానిని 1 ఎంబీకి పెంచారు. పాత పాఠాల్లోను, ప్రశ్నల బ్యాంకుల్లోను ఇంకా 256 అనే ఉంటుంది కాబట్టి, ఇంటర్వ్యూలో రెండు అంకెలూ చెప్పి ఎప్పుడు మారిందో కూడా చెప్పండి. మైక్రోసాఫ్ట్ వారి అజూర్ స్టోరేజ్ క్యూలో ఈ పరిమితి 64 కేబీ, అజూర్ సర్వీస్ బస్ స్టాండర్డ్ శ్రేణిలో 256 కేబీ, గూగుల్ పబ్‌సబ్‌లో 10 ఎంబీ. అంకెలు మారినా ఆలోచించే పద్ధతి మారదు.

మీ ఫొటో ఎక్కడ ఆగిపోతోందో ముందు లెక్క కట్టండి. ఫోన్‌లో తీసిన 3 ఎంబీ ఫొటోను జేసన్‌లో (డేటాను టెక్స్ట్‌గా రాసే పద్ధతి) పెట్టడానికి బేస్64 అనే టెక్స్ట్ రూపంలోకి మారిస్తే అది 4 ఎంబీ అవుతుంది. ఆ మార్పిడి వల్ల సైజు ఎప్పుడూ మూడో వంతు పెరుగుతుంది. ఫోన్ నుంచి వచ్చే రిక్వెస్టును ల్యాంబ్డాకు అందించే ఏపీఐ గేట్‌వే 10 ఎంబీ వరకు, ల్యాంబ్డా నేరుగా పిలిచినప్పుడు 6 ఎంబీ వరకు ఒప్పుకుంటాయి కాబట్టి మీ ఫొటో ఆ రెండు గడపలూ దాటి, మూడోదైన క్యూ దగ్గర నిలిచిపోతుంది. అదే 5 ఎంబీ ఫొటో అయితే క్యూ దాకా కూడా రాదు, ల్యాంబ్డా దగ్గరే తిరస్కరణకు గురవుతుంది. ఒకే లోపం రెండు వేర్వేరు చోట్ల రెండు వేర్వేరు ఎర్రర్లుగా కనబడుతుందన్నమాట. ఈ లెక్క బోర్డు మీద వేసి చూపించగలిగితే, ఇంటర్వ్యూలో మీ మాటకు విలువ అక్కడే వస్తుంది.

ఇక్కడ తెలుగు వాళ్లం ప్రత్యేకంగా గమనించవలసిన విషయం ఒకటి ఉంది. పరిమితిని కొలిచేది అక్షరాల్లో కాదు, బైట్లలో. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ మూడేసి బైట్లు పడతాయి. "రొయ్య" అన్న మాటలో ర, ఒత్వం గుర్తు, య, పొల్లు, య కలిపి అయిదు సంకేతాలున్నాయి కాబట్టి అది 15 బైట్లు. పైథాన్‌లో జేసన్‌గా మార్చే మామూలు ఫంక్షన్‌ను ఏ ఆప్షనూ మార్చకుండా వాడితే, ఒక్కొక్క సంకేతాన్నీ ఆరు అక్షరాల ఎస్కేప్ కోడ్‌గా రాస్తుంది కనుక అదే మాట 30 బైట్లవుతుంది. రైతు గుంట పరిస్థితిని తెలుగులో వివరంగా టైప్ చేస్తే, లేదా వందల గుంటల వివరాలను ఒకే మెసేజ్‌లో కలిపితే, ఫొటో లేకపోయినా మీ అంచనా తప్పవచ్చు. స్ట్రింగ్ పొడవు చూసి సరిపోతుందనుకోకుండా, దానిని బైట్లుగా మార్చి కొలవండి. మెసేజ్‌తో పంపే ఆట్రిబ్యూట్లు (అదనపు వివరాలు) కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పది మెసేజ్‌లు ఒకే బ్యాచ్‌గా పంపితే ఆ పదింటి మొత్తం కూడా 1 ఎంబీ లోపే ఉండాలి.

పరిష్కారాలుగా కంప్రెషన్ చేయడం, ముక్కలుగా విడగొట్టడం అనే రెండూ చాలామందికి మొదట తడతాయి. టెక్స్ట్ ఎక్కువగా ఉన్న జేసన్‌ను జిప్ చేస్తే బాగా తగ్గుతుంది కాని, జేపెగ్ ఫొటో అప్పటికే కుదించి ఉన్నది కాబట్టి దాని మీద ఆ పని చేసి లాభం లేదు. ముక్కలు చేయడాన్ని నేను సిఫారసు చేయను. మామూలు ఎస్‌క్యూఎస్ క్యూ వరుసకు హామీ ఇవ్వదు, ఒకే ముక్క రెండుసార్లు రావచ్చు, ఒక ముక్క రాకపోతే మిగతావాటిని ఎంతసేపు పట్టుకుని కూర్చోవాలో మీరే నిర్ణయించాలి.

నిలకడైన పద్ధతి క్లెయిమ్ చెక్. తిరుమల కొండకు నడిచి వెళ్లేవారు అలిపిరిలో సామాను అప్పగించి, రసీదు మాత్రం జేబులో పెట్టుకుని మెట్లెక్కి, పైన రసీదు చూపించి సామాను తీసుకుంటారు కదా, ఇదీ అంతే. ఫొటోను ఎస్3 అనే ఏడబ్ల్యూఎస్ ఫైళ్ల నిల్వలో పెట్టి, అది ఉన్న బకెట్ (ఫైళ్లు ఉంచే చోటు) పేరును, కీను (ఫైలు పేరును) మాత్రమే మెసేజ్‌లో పంపాలి. అవతలి ల్యాంబ్డా ఆ కీతో ఫొటో తెచ్చుకుంటుంది. జావాలోను పైథాన్‌లోను ఈ పని చేసిపెట్టే ఎస్‌క్యూఎస్ ఎక్స్‌టెండెడ్ క్లయింట్ లైబ్రరీలు ఉన్నాయి, వాటితో 2 జీబీ వరకు పంపవచ్చు. కాని చదువుకునే దశలో మీ చేత్తో మీరు రాసుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

మీ ప్రాజెక్టుకైతే ఇంకొక మెట్టు పైకి వెళ్లండి. ఫొటో అసలు మొదటి ల్యాంబ్డా గుండా పోవలసిన పనే లేదు. ఫోన్ అడిగినప్పుడు ల్యాంబ్డా ఒక ప్రీసైన్డ్ యూఆర్ఎల్ (ఫైలు ఎక్కించడానికి కొంతసేపు అనుమతి ఇచ్చే లింకు) మాత్రం ఇస్తుంది. ఫోన్ ఫొటోను నేరుగా ఎస్3లోకి ఎక్కిస్తుంది. ఎక్కిన వెంటనే ఎస్3 తానే క్యూలోకి ఒక చిన్న నోటిఫికేషన్ వేస్తుంది. అప్పుడు పైన చెప్పిన మూడు గడపల బెడదా తప్పుతుంది. ఆ నోటిఫికేషన్‌లో కీ యూఆర్ఎల్ ఎన్‌కోడింగ్‌తో (తెలుగు అక్షరాలు, ఖాళీలు కోడ్‌లుగా మారి) వస్తుందని మరవకండి. ఫైలు పేరులో ఊరి పేరు తెలుగులో పెట్టినా, మధ్యలో ఖాళీ ఉన్నా, దానిని డీకోడ్ చేయకుండా వెతికితే ఉన్న ఫైలు కూడా దొరకదు. ఇంకొకటి, రెండో ల్యాంబ్డా తయారుచేసే చిన్న ఫొటోను అదే బకెట్‌లో అదే ప్రిఫిక్స్ (కీ ముందు భాగం) కింద దాచితే, అది మళ్లీ నోటిఫికేషన్ పుట్టించి, అది మళ్లీ ల్యాంబ్డాను లేపి, బిల్లు పెరుగుతూ పోతుంది. వేరే బకెట్ వాడండి.

ఇక్కడి వరకు చెప్పేవారు చాలామంది ఉంటారు. ఉద్యోగం ఇచ్చేవారు వెతికేది దీని తరవాతి భాగం తెలిసినవారిని: సగంలో ఏదైనా ఆగిపోతే ఏమవుతుంది?

మెసేజ్ మీరే పంపే పద్ధతిలో ముందు ఫొటో దాచాలి, తరవాతే మెసేజ్ పంపాలి. తలకిందులు చేస్తే మెసేజ్ అందుకున్న ల్యాంబ్డాకు ఫొటో దొరకదు. ఫొటో దాచాక మెసేజ్ పంపడం విఫలమైతే ఆ ఫొటో ఎవరికీ పట్టనిదిగా మిగిలిపోతుంది కాబట్టి, కొన్నాళ్లకు దానంతటదే తొలగిపోయేలా ఎస్3లో లైఫ్‌సైకిల్ నియమం పెట్టాలి. ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లు అన్నదే అసలు ప్రశ్న. క్యూలో మెసేజ్ మామూలుగా 4 రోజులు, మీరు కోరితే 14 రోజుల వరకు ఉంటుంది. పదేపదే విఫలమైన మెసేజ్ డెడ్ లెటర్ క్యూ అనే పక్క క్యూలోకి వెళ్తుంది. మామూలు క్యూల్లో దాని గడువును మొదట పంపిన సమయం నుంచే లెక్కిస్తారు కాబట్టి, డెడ్ లెటర్ క్యూ గడువు అసలు క్యూ గడువు కంటే ఎక్కువగా ఉంచాలి. అక్కడ 14 రోజులు పెట్టి, ఫొటోలను 7 రోజులకే తుడిచేశారనుకోండి. పదో రోజున ఎవరో లోపం సరిదిద్ది మెసేజ్‌లను మళ్లీ నడిపిస్తే, రసీదులుంటాయి కాని సామాను ఉండదు. ఫొటోల గడువు మూడు వారాలుగా పెట్టుకుంటే ఈ చిక్కు రాదు.

మెసేజ్ చదవగానే ఫొటో తుడిచేయడం కూడా అలాంటి పొరపాటే. ఎస్‌క్యూఎస్ ఒక మెసేజ్‌ను కనీసం ఒకసారి ఇస్తానని హామీ ఇస్తుంది, ఒకేసారి ఇస్తానని కాదు. విజిబిలిటీ టైమవుట్ (ఒకరు తీసుకున్న మెసేజ్ మిగతావారికి కనబడకుండా ఉండే సమయం) మీరు మార్చకపోతే 30 సెకన్లే ఉంటుంది. పెద్ద ఫొటో దింపుకుని పరిశీలించడానికి అంతకంటే ఎక్కువ పట్టేలా మీ ఫంక్షన్ ఉంటే, మొదటి పని పూర్తికాకముందే అదే మెసేజ్ ఇంకొకరికి వెళ్తుంది. ఆ టైమవుట్‌ను ఫంక్షన్ టైమవుట్‌కు కనీసం ఆరు రెట్లు పెట్టమని ఏడబ్ల్యూఎస్ సూచిస్తుంది. దానితోపాటు, ఫొటో కీని ఆధారంగా చేసుకుని ఈ పని ఇదివరకే అయిందా అని చూసుకునే ఏర్పాటు కూడా ఉండాలి. లేకపోతే ఒకే గుంటకు రెండు హెచ్చరికలు పోతాయి. ఆ హెచ్చరికలను నమ్మి నాన్నగారి వంటివారు మేత ఆపాలో, మందు చల్లాలో నిర్ణయించుకుంటారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

అనుమతుల సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే కొత్తవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. రెండో ల్యాంబ్డాకు క్యూ చదివే అనుమతితోపాటు ఎస్3లో వస్తువును తెచ్చుకునే అనుమతి కూడా ఇవ్వాలి. బకెట్‌లోని జాబితా చూసే అనుమతి లేనప్పుడు, లేని ఫైలును అడిగినా ఎస్3 "లేదు" అనే 404 చెప్పదు, "అనుమతి లేదు" అనే 403 చెబుతుంది. తుడిచేసిన ఫొటో కోసం ఐఏఎం పాలసీల్లో (ఏడబ్ల్యూఎస్ అనుమతుల నియమాల్లో) గంటల తరబడి వెతికే పరిస్థితి ఇలా వస్తుంది.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. పైన చెప్పిన ప్రతి వైఫల్యాన్నీ కావాలని తెప్పించండి. అనుమతి తీసేసి చూడండి, అదే మెసేజ్‌ను రెండుసార్లు పంపండి, చదవకముందే ఫొటో తుడిచేయండి, టైమవుట్ తగ్గించి చూడండి. ప్రతిసారీ క్లౌడ్‌వాచ్ (ఏడబ్ల్యూఎస్‌లో లాగ్‌లు చూసే సర్వీసు) లాగ్‌లో ఏ ఎర్రర్ కనబడిందో, మీరేం మార్చారో ప్రాజెక్టు రీడ్‌మీలో (పరిచయ ఫైలులో) ఒక పేజీగా రాయండి. ఎస్‌క్యూఎస్‌లోను ల్యాంబ్డాలోను నెలకు పది లక్షల రిక్వెస్టులు ఉచితం కాబట్టి ఖర్చు స్వల్పమే. అయినా ఖాతా తెరిచిన రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి, కార్డు నాన్నగారిది కదా. ఎస్‌క్యూఎస్‌లో ప్రతి 64 కేబీని ఒక రిక్వెస్టుగా లెక్కిస్తారని, అంటే 1 ఎంబీ మెసేజ్ పదహారు రిక్వెస్టులతో సమానమని కూడా గుర్తుంచుకోండి. పరిమితి పెరిగినంత మాత్రాన మెసేజ్ నిండా డేటా కుక్కడం ఎందుకు మంచిది కాదో చెప్పడానికి ఈ లెక్క పనికొస్తుంది.

పరీక్ష రాయదలిస్తే, ఏడబ్ల్యూఎస్ పరీక్షల్లో ప్రాథమికమైన క్లౌడ్ ప్రాక్టీషనర్ కంటే డెవలపర్ అసోసియేట్ మీకు తగినది. దాని ఫీజు 150 డాలర్లు, సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. మీ ఇంట్లో అది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు; అందుకే పై ప్రయోగాలన్నీ పూర్తయ్యాక, నమూనా ప్రశ్నల్లో క్యూలు, ల్యాంబ్డా, ఎస్3 భాగాలు మీకు తేలిగ్గా అనిపించినప్పుడే ఫీజు కట్టండి. అమీర్‌పేట కోర్సు గురించి ఇంట్లో ఈ ఉత్తరం చూపించి, హాస్టలుకు, కోర్సుకు అయ్యే డబ్బును మూడు నెలల పాటు పక్కన ఉంచమని అడగండి. అప్పటికీ సొంతంగా ముందుకు సాగడం లేదనిపిస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

తరవాతి ఇంటర్వ్యూలో ఇదే ప్రశ్న వస్తే, ఇంగ్లీషు గురించి బెంగపడకుండా కాగితం అడిగి తీసుకుని ఫోను, ఎస్3, క్యూ, ల్యాంబ్డా అని నాలుగు గడులు గీయండి. ఫొటో ఏ దారిన పోతుందో, మెసేజ్ ఏ దారిన పోతుందో బాణాలతో చూపించి, ఒక్కొక్క బాణం తెగితే మీ ప్రాజెక్టులో ఏం జరిగిందో చెప్పండి. మీ రెజ్యూమెలో కూడా ప్రాజెక్టు పేరు కింద వాడిన సర్వీసుల జాబితాకు బదులు, పెద్ద ఫొటోలను క్యూ బయట దాచి, మళ్లీ మళ్లీ వచ్చే మెసేజ్‌లను, గడువు తీరే ఫైళ్లను ఎలా సంబాళించారో రెండు వాక్యాల్లో రాసి, ఆ రీడ్‌మీ లింకు ఇవ్వండి.