తెనాలి ఇంటి కెమెరాల గురించి చిన్నాకు

చిరంజీవి చిన్నాకు బాబాయి ఆశీస్సులు.

తెనాలి ఇంటికి కెమెరాలు పెట్టించి, డాలస్ నుంచి చూసుకునేలా చేయమన్నావు. అన్నయ్య పోయాక వదిన ఒక్కరే ఉంటున్నారు, నీ బెంగ నాకు తెలుసు. వచ్చే ఆదివారం నేను దగ్గరుండి బిగించిస్తాను. కొన్ని పనులు మాత్రం నువ్వే చేయాలి. ఫోన్లో చెబితే మరిచిపోతావని రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యం, యాప్‌లో అసలు అకౌంటు నీ పేరున ఉండాలి. బిగించే కుర్రాడి పేరున కాదు, నా పేరున కూడా కాదు. నాలుగేళ్ల కిందట గుంటూరులో మా ఇంటికి పెట్టించినప్పుడు ఈ సంగతి పట్టించుకోలేదు. వచ్చిన కుర్రాడు చకచకా పని ముగించి, నా ఫోన్లో యాప్ వేసి, బొమ్మ చూపించి వెళ్లాడు. రెండేళ్ల తర్వాత ఫోన్ మార్చినప్పుడు తెలిసింది, కెమెరాల బొమ్మలు రికార్డు చేసే పెట్టె డీవీఆర్‌ని తన నంబరుతో తెరిచిన అకౌంటులో చేర్చి నాకు ఊరికే షేర్ ఇచ్చాడని. అప్పటికే దుకాణం ఎత్తేశాడు, ఫోన్ కలవలేదు. బిల్లూ, సీరియల్ నంబరు ఫొటో కంపెనీకి పంపి, ఆ పేరు తీయించుకోవడానికి వారం పట్టింది. వారం పోతే పోయింది. ఆ రెండేళ్లూ మా వరండా, తులసికోట దగ్గర మీ పిన్ని పూజ, మనవరాలి ఆటలు, అతను యాప్ తెరిస్తే చాలు కనిపించేవి. చూశాడని నేను అనను. చూడగలిగేవాడు, అంతే. ఆ తలపుకే చాలా రాత్రులు నిద్ర పట్టలేదు.

అందుకని ఇలా చేద్దాం. డీవీఆర్ వెనక క్యూఆర్ కోడ్ స్టిక్కర్ ఉంటుంది. గోడకి బిగించేలోగా దాన్ని ఫొటో తీసి పంపుతాను, ఎందుకంటే తర్వాత మళ్లీ మరలు విప్పితే గానీ కనపడదు. నువ్వు నీ ఈమెయిల్‌తో అకౌంటు తెరిచి, ఆ కోడ్‌తో డీవీఆర్‌ని చేర్చుకో. యాప్ దేశం అడిగితే అమెరికా అని కాదు, ఇండియా అని పెట్టు. కొన్ని యాప్‌లలో అకౌంటు ఒక దేశానిదీ పరికరం ఇంకో దేశానిదీ అయితే కలవవు. తర్వాత నాకూ వదినకూ చూసే అనుమతి మాత్రం ఇవ్వు. పాస్‌వర్డులు రెండుంటాయని గుర్తుంచుకో, యాప్‌ది వేరు, డీవీఆర్‌ది వేరు. డీవీఆర్‌ది నేను కాగితం మీద రాసి బీరువాలో పత్రాల దగ్గర పెడతాను. యాప్‌కి ఓటీపీ అడిగే రెండో తాళం కూడా వేసుకో.

పాస్‌వర్డ్ విషయంలో బద్ధకం వద్దు. 2016లో మిరాయి అనే వైరస్ కెమెరాల్లోకీ డీవీఆర్‌లలోకీ దూరింది. అది చేసిందల్లా కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డులు 60కి పైగా దగ్గర పెట్టుకుని, నెట్‌లో కనపడ్డ ప్రతి పరికరం మీదా వేసి చూడటమే. మార్చనివాళ్ల పరికరాలన్నీ దాని చేతికి చిక్కాయి. ఆ ఏడు అక్టోబర్ 21న మీ అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి ఇబ్బంది పడింది అలా చిక్కిన పరికరాల దాడి వల్లే.

పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి నేరుగా డీవీఆర్‌కి చేరేలా రౌటర్‌లో దారి తెరవడం, చేద్దామా అని అడిగావు. వద్దు నాన్నా. అది వీధిలోకి తలుపు తీసిపెట్టడమే, ఆ తలుపు నీకే కాదు, తట్టిన ప్రతివాడికీ కనపడుతుంది. పైగా మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లకి అది పనిచేయదు. నెట్‌లో ఒక్కో కనెక్షన్‌ని గుర్తుపట్టే పాత పద్ధతి ఐపీ చిరునామాలు ప్రపంచం మొత్తానికి సుమారు 430 కోట్లే, అవి చాలక ఒకే చిరునామాని ఎన్నో ఇళ్లకి పంచుతున్నారు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే బయటి నెట్ వైపు చిరునామా, 100.64 నుంచి 100.127 లోపు దేనితో మొదలైనా అదే సంగతి, బయటి నుంచి నేరుగా రావడం కుదరదు. క్యూఆర్ కోడ్ పద్ధతిలో డీవీఆరే లోపలి నుంచి కంపెనీ సర్వర్‌కి కలుపుకుంటుంది గనక ఏ తలుపూ తీయక్కర్లేదు. రౌటర్‌లో యూపీఎన్‌పీ అనే సెట్టింగు కూడా ఆపేస్తాను, లేకపోతే పరికరాలు మనల్ని అడగకుండా ఆ తలుపులు తీసుకుంటాయి.

కంపెనీ సర్వర్ మీద ఆధారపడటం నీకు నచ్చకపోవచ్చు. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్, అంటే మన పరికరాల మధ్య మాత్రమే నడిచే రహస్య దారి, పెడితే ఇంకా భద్రమే, ఒప్పుకుంటాను. కానీ దానికి ఇంట్లో ఇంకో చిన్న పెట్టె ఎప్పుడూ నడుస్తుండాలి. అర్ధరాత్రి అది ఆగిపోతే వదిన ఏ దీపం చూసి ఏ స్విచ్ నొక్కాలి? అందుకే వద్దంటున్నాను.

కరెంటు సంగతి అందరూ మరిచిపోతారు. ఇన్వర్టర్ ఉందిగా అంటారు, తీరా చూస్తే డీవీఆర్ ఇన్వర్టర్ లైన్‌లో ఉంటుంది, రౌటర్ మామూలు ప్లగ్‌లో ఉంటుంది. కరెంటు పోగానే రికార్డింగ్ అవుతుంది గానీ నీకు బొమ్మ రాదు, నువ్వు అక్కడ కంగారుపడతావు. ఫైబర్ పెట్టె, రౌటర్, డీవీఆర్, కెమెరాల పవర్ సప్లై నాలుగూ ఇన్వర్టర్ మీదే ఉన్నాయా అని మెయిన్ ఆపి చూస్తాను.

డీవీఆర్‌లో టైమ్ జోన్ జీఎంటీ ప్లస్ 5:30 ఉండాలి. నీ ఫోన్ టైముతో కలపమని యాప్ అడిగితే ఒప్పుకోకు. రేపు ఏదైనా జరిగి పోలీసులకి రికార్డింగ్ ఇవ్వాల్సి వస్తే అందులో డాలస్ టైము ఉంటే చిక్కు. రోజూ చూసేటప్పుడు సబ్ స్ట్రీమ్, అంటే నెట్ తక్కువ వాడే తక్కువ స్పష్టత బొమ్మ, చాలు.

ఇక ఎక్కడెక్కడ అన్నది. గేటు, వరండా, పెరటి తలుపు, మూడే. ఇంటి లోపల ఒక్కటీ పెట్టను. నిన్న వదినని అడిగితే, "పెరటి వైపు పెట్టు గానీ బావి గట్టు కనపడకూడదు మరిదీ, తలంటుకుని జుట్టు ఆరబెట్టుకునేది అక్కడే" అన్నారు. డీవీఆర్‌లో ప్రైవసీ మాస్క్ ఉంటుంది, బావి గట్టు మేర నల్లగా మూసేస్తాను. నువ్వు దాన్ని తీయకు. గేటు కెమెరాకి స్పీకర్ ఉంటుంది కదా అని ముందు ఫోన్ చేయకుండా అందులోంచి అమ్మా అని పిలవకు, ఉలిక్కిపడతారు.

ఆదివారం ఉదయం ఏడున్నరకి తెనాలి నుంచి వీడియో కాల్ చేస్తాను, నీకు శనివారం రాత్రి తొమ్మిది అవుతుంది. అప్పటికి ఈమెయిల్ అకౌంటు సిద్ధం చేసుకో.

మీ బాబాయి