అడ్వాన్సు ఇచ్చే ముందు నీళ్ల దారి చూడు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. శంకర్‌పల్లి అవతల 200 గజాల ప్లాటు చూశారని, అడ్వాన్సు ఇవ్వడమే తరువాయి అని చెప్పింది. నీ పేరు మీద, నీ జీతంతో. మన ఇంట్లో ఆడపిల్ల పేరు మీద ఇంతవరకు ఒక్క భూమి కాగితం లేదు, నువ్వే మొదలు. ఆ మాట విని చాలాసేపు సంతోషపడ్డా. తర్వాత మీ అమ్మ బ్రోచర్ పంపితే తెరిచి చూశా, ఇక నిద్ర పట్టలేదు. గేటు దగ్గర కెమెరాలు, ఫోన్‌తో తెరుచుకునే తాళాలు, కారు చార్జింగ్ పాయింట్లు, క్లబ్ హౌస్, అన్నీ రంగుల్లో వేశారు. పెద్ద వాన పడితే ఆ నీళ్లన్నీ ఎటు పోతాయో మాత్రం ఒక్క పేజీలోనూ లేదు.

కాగితాల సంగతి నీకు తెలిసిందే. లేఔట్లకు అనుమతిచ్చే హెచ్ఎండీఏ ఫైనల్ లేఔట్ నంబరు, రియల్ ఎస్టేట్ వెంచర్లను నమోదు చేసే రెరా నంబరు నువ్వే వాళ్ల వెబ్‌సైట్లలో కొట్టి చూసుకో. ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల చిట్టా), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల కాగితాలు) మన లాయరుకే చూపించు, వెంచర్ వాళ్ల లాయరుకు కాదు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చుట్టూ 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెడుతూ 1996లో 111 జీవో ఇచ్చారు, శంకర్‌పల్లి వైపు ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. మీ ప్లాటున్న ఊరు ఆ జాబితాలో ఉందేమో చూడు, "అది ఎప్పుడో ఎత్తేశారు మేడం" అన్న ఏజెంటు మాట పట్టుకుని సంతకం పెట్టకు.

ఇవన్నీ సరిగ్గా ఉంటే చాలనుకుంటావేమో, చాలదు. మీ చిన్నమామ ఇల్లు గుర్తు తెచ్చుకో.

వాడు కొన్నది తెలంగాణ రాకముందు, మే నెలలో. నేనప్పుడు ఆదిలాబాద్ వైపు సర్వేయర్‌గా ఉన్నా, నన్ను అడగలేదు. వెంచర్ వాళ్లు బస్సులో తీసుకెళ్లి, భోజనం పెట్టి, ఎర్రజెండాలు పాతిన చదునైన నేల చూపించారు. పక్కన కట్ట ఉంది కదా అంటే, చెరువు ఎండిపోయి చాలా ఏళ్లయింది, ఇక నీళ్లు రావన్నారు. ఈసీ శుభ్రంగా వచ్చింది, బ్యాంకు లోను ఇచ్చింది, రిజిస్ట్రేషన్ అయింది. ఆ కాగితాల్లో ఏదీ దొంగది కాదు. ఎందుకంటే అది శిఖం పట్టా భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేల, కానీ నిజంగానే ఒక రైతుది. నీళ్లు తగ్గాక ఆ రైతు అందులో పంట వేసుకోవచ్చు, ఇల్లు కట్టడానికి మాత్రం లేదు. ఆ ముక్క ఈసీలో కనబడదు. పాత పహాణీ, అంటే రెవెన్యూ వాళ్ల భూమి రికార్డు, తీస్తే కనబడుతుంది, దాన్ని ఎవరూ తీయలేదు.

తర్వాత 2020 అక్టోబర్ 13 రాత్రి. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 30 సెంటీమీటర్లు దాటి కురిసింది, గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి బెంగళూరు హైవే మీద బండ్లు కొట్టుకుపోయాయి. మీ చిన్నమామ ఇంట్లో నీళ్లు గుమ్మం నుంచి రాలేదు, ముందు బాత్రూంలోంచి పైకి తన్నాయి. ఏమైందో అర్థమయ్యేలోపు మోకాళ్ల దాకా వచ్చాయి. ఇన్వర్టర్ నేల మీదే ఉంది, ప్లగ్ పాయింట్లు మోకాలి ఎత్తులో ఉన్నాయి, కరెంటు ఇంకా పోలేదు. మెయిన్ స్విచ్ బయట గోడకుంది, దాని దగ్గరికి నీళ్లలో నడిచే పోవాలి. పక్కింటి కుర్రాడు మేడ మీంచి గట్టిగా అరిచి ఆపాడు కాబట్టి మీ చిన్నమామ అడుగు వేయలేదు. కాసేపటికి కరెంటు పోయాక మీ అమ్మమ్మను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు పట్టుకుని ఆ మేడ మీదికి చేర్చారు. ఆమె చేతిలో మందుల డబ్బా ఒక్కటే ఉంది. ఆ రాత్రి నాకు ఫోన్ కలవలేదు. తెల్లారేదాకా మీ అత్త, నేను కూర్చునే ఉన్నాం.

ఇప్పటికీ మబ్బు పడితే వాడు ఆఫీసు నుంచి త్వరగా వచ్చేస్తాడు. ఇల్లు అమ్ముదామంటే కొనేవాడు లేడు. 2024లో చెరువుల్లో కట్టినవి కూల్చే హైడ్రా మొదలయ్యాక కాలనీలో అందరికీ ఒకటే టెన్షన్. చెరువులు కాపాడాల్సిందే, అందులో నాకు వేరే మాట లేదు. ఆ ఇంట్లో ఉన్నది నా తమ్ముడు, ఆ బాధా నాదే.

అందుకే నీ మీద కోపం వచ్చింది. అల్లుడూ నువ్వూ ఆదివారం మధ్యాహ్నం వెళ్లి గంటలో చూసొచ్చారట! ఇంత చదువుకున్నారు, ఫోన్‌లో ఉన్న విద్య వాడుకోరా? గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫొటోలు ఉంటాయి, వేసవివి కాదు, మంచి వానలు పడిన ఏడాది అక్టోబర్, నవంబర్‌వి వెతుకు. హెచ్ఎండీఏ చెరువుల వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపులున్నాయి, ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ గీత దాటి ఇంకో 30 మీటర్లు వదలాలి, చిన్నదైతే 9 మీటర్లు. 10 మీటర్ల కంటే వెడల్పున్న నాలాకూ 9 మీటర్లే. గ్రామ నక్షా (ఊరి భూముల పటం), 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయించు, శిఖం అని ఉందేమో చూద్దాం.

చెరువు దూరంగా ఉంది కదా అనుకోకు. మనవి గొలుసుకట్టు చెరువులు, పై చెరువు అలుగు పారితే నీళ్లు కింది చెరువుకు పోతాయి, ఆ దారి చాలా ఏళ్లు ఎండి ఉండి మామూలు పొలంలాగే కనిపిస్తుంది. దాని మీదే రోడ్డేసి ప్లాట్లు కొడతారు. నేల మీద తుంగ మొలిచిందా, మట్టిలో నత్తగుల్లలు ఉన్నాయా చూడు. చుట్టుపక్కల పాత గోడల మీద నీటి మరక ఎంత ఎత్తులో ఉందో చూడు. గొర్రెలు కాసేవాళ్లను, చేపలు పట్టేవాళ్లను అడుగు, వాళ్లకు నీకు ప్లాటు అమ్మాల్సిన అవసరం లేదు.

కెమెరాలు, తాళాలు పెట్టుకో, వద్దనను. పాస్‌వర్డ్ వెంటనే మార్చు, మామూలు తాళంచెవితో కూడా తెరుచుకునే తాళమే కొను. కరెంటు పోయిన రాత్రి నువ్వు లోపలుండి తలుపు రాకపోతే ఏం చేస్తావు? ఇల్లు కట్టినప్పుడు మెయిన్ స్విచ్, ఇన్వర్టర్ నడుము ఎత్తుకు పైన పెట్టించు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ తప్పకుండా వేయించు. ఇంకోటి, రిజిస్ట్రేషన్ అయిన రోజే ఆధార్ బయోమెట్రిక్ లాక్ చెయ్యి. డాక్యుమెంట్ల మీది వేలిముద్రలు కాపీ కొట్టి బ్యాంకులో డబ్బు కాజేసిన కేసులు మన దగ్గరే బయటపడ్డాయి.

నువ్వు కొనొద్దని కాదు బిడ్డా. తప్పకుండా కొనాలి, అందులో నువ్వు ధైర్యంగా నిద్రపోవాలి. డబ్బు తక్కువైతే నన్ను అడుగు, బంగారం తాకట్టు పెట్టకు.

సర్వే నంబరు ఈ రాత్రికే పంపు. ఆదివారం పొద్దున 6 గంటలకు నేనూ వస్తా, పాత నక్షా తెస్తా, అల్లుడిని కూడా లేపు. ఏజెంటుకు మనం వస్తున్నట్టు చెప్పొద్దు. ఆఫర్ శనివారంతో అయిపోతుందని వాడు ఎన్నిసార్లు ఫోన్ చేసినా అడ్వాన్సు ఇవ్వొద్దు.

మీ పెద్దమామ